తహసీల్దారు వేషం, గుట్ట మీది చెరువు

నా నటజీవితంలో మొదటి పాత్ర దోమ.

ఇది చెప్పగానే జనం జాలిగా చూస్తారు. అక్కర్లేదు. దోమ పెద్ద పాత్ర. నాటకమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. నిజానికి తిరిగేది నాటకం కాదు, నేను. నల్ల ప్యాంటు, నల్ల బనియను, ముక్కుకు రబ్బరు బ్యాండుతో కట్టిన కాగితపు గొట్టం, వీపు మీద చిరిగిన గొడుగు బట్టతో కుట్టిన రెక్కలు. జ్వరాల కాలమంతా కోస్గి చుట్టుపక్కల ఊళ్ళల్లో ఈ అవతారంలో గుయ్యిమంటూ తిరిగాను. ఆఖరున ఊరంతా కలిసి నన్ను చంపాలి. ఉత్తుత్తిగానే చంపండని ముందే చెప్పేవాళ్ళం. కానీ ప్రేక్షకులు మాకంటే ఎక్కువ లీనమయ్యేవారు. ఒక ఊళ్ళో ఒకావిడ చీపురు తిరగేసి మరీ కొట్టింది.

"నీ పాడుగాను, నీ వల్లనే నా మనుమడు పది దినాలు దవాఖానల పన్నడు!"

"అమ్మా, నేను నాటకం దోమను."

"ఏ దోమైతేంది!" అని ఇంకొకటి వేసింది.

మాది కళాజాత బృందం. ఊళ్ళల్లో ఏదైనా జబ్బు వస్తే, పంటకు పురుగు పడితే, ప్రభుత్వం కొత్త పథకం పెడితే, దాని మీద ఒక నాటకం కట్టి ఊరూరా ఆడాలి. ఐదుగురం మనుషులం, ఒక డప్పు, ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, ఇవన్నీ పట్టే ఒక ఆటో. పట్టవు, పట్టించేవాళ్ళం. బృందానికి పెద్ద మా గురువు. ముప్పై ఏళ్ళు బాగోతాల్లో రాజు వేషం కట్టినవాడు. అందరం ఆయన్ను మామా అంటాం. బాగోతాలు తగ్గి కిరీటం అటకెక్కాక ఆయన కళాజాతలోకి వచ్చాడు గానీ, ఆయన లోపలి రాజు మాత్రం దిగలేదు. ఏ పాత్ర ఇచ్చినా అది రాజే. మరుగుదొడ్ల మీద నాటకంలో చెంబు పట్టుకుని పొలానికి పోయే ముసలాయన పాత్ర వేస్తే, ఆ పోవడం కూడా దండయాత్రకు పోయినట్టే ఉండేది.

నాకు దోమ నడక నేర్పింది ఆయనే.

"గట్ల ఉరుకొద్దురా. మెల్లగ రా. జనం దిక్కు ఒక చూపు చూడు. నువ్వొస్తున్నవంటే ఊరు వణకాలె."

"మామా, దోమ వస్తే ఊరు వణకదు. గోక్కుంటది."

"నీకు నాటకం రాదుర. నోరు మాత్రం మస్తుగొస్తది," అన్నాడు. ఇన్నేళ్ళయినా నా నటన గురించి ఇంతకంటే సరైన విమర్శ ఎవరూ చేయలేదు.

దోమ తర్వాత పత్తి చేలో గులాబీ పురుగునయ్యాను. మా అమ్మ గులాబీ రంగు చీర చుట్టుకుని, లోపల బొంత కుక్కి, నేల మీద పాకేవాడిని. పంచాయతీ వాళ్ళు ఆ ఫోటో వాట్సాప్‌లో పెడితే అమ్మ పురుగును గుర్తుపట్టలేదు గానీ చీరను గుర్తుపట్టింది. తర్వాత తాగుబోతు మొగుడి పాత్ర. ఒక ఊళ్ళో ఆట అయ్యాక ఒకాయన నన్ను పక్కకు పిలిచి, నిజం చెప్పు, ఎన్నేండ్లయింది అలవాటై అని అడిగాడు. నేను చాయ్ కూడా తాగనంటే, మొదట్ల అందరూ గట్లనే అంటరని భుజం తట్టి పోయాడు. కొత్తకోటలో రోడ్డు భద్రత మీద నాటకం. అందులో నేను శవం. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, పెద్ద రోడ్డు పక్కన నేల మీద ఇరవై నిమిషాలు చచ్చిపోయి ఉండాలి. వీపు కాలి మూడుసార్లు పక్కకు ఒత్తిగిల్లాను. నా మీద పడి ఏడుస్తున్న మామ ఏడుపు ఆపకుండానే, "అయ్యో కొడుకా, పానం పోయినా నీకు కుదురు రాకపాయె!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. శవం కూడా నవ్వింది.

నా లోపం అదే. అందరూ కళ్ళు తుడుచుకునే చోట నాకు నవ్వొస్తుంది. మామ దీన్ని జబ్బుగా లెక్కేసి, దానికి మందు అన్నట్టు నా మీద రెండు నియమాలు పెట్టాడు. రెండూ బాగోతం కాలం నాటివే. ఒకటి, ఆట అయ్యాక ఊరి పొలిమేర దాటేదాకా వేషం తీయకూడదు. రెండోది, వేషంలో ఉన్నవాడు అడిగినవాళ్ళకు లేదు, కాదు అనకూడదు.

"రాజు వేషంల నేను చెట్టు కింద కూసుంటే పసిపిల్లల్ని తెచ్చి ఒళ్ళె పెడుతుండిరి. దీవించయ్యా అంటుండిరి. నేనెవన్ని దీవించనీకి? కానీ వాళ్ళు నన్ను చూస్తలేరు గద, వేషాన్ని చూస్తుండ్రు. వేషం లేదనొద్దు."

సరేనన్నాను. దోమను ఎవరైనా ఏమడుగుతారు? పురుగునేం అడుగుతారు? శవం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ నియమం వల్ల నాకు వచ్చే కష్టమేమీ లేదనే అనుకున్నాను, తహసీల్దారు వేషం కట్టేదాకా.

భూముల కాగితాలు సరిచేసుకోవడం మీద నాటకం అది. కథ చిన్నది. భర్త పోయిన ముసలామె పాసుబుక్కు కోసం వస్తుంది. దళారి ఆమెను ముంచాలని చూస్తాడు. తహసీల్దారు వాడిని తరిమేసి, ముసలామెను కూర్చోబెట్టి, కాగితాలు చూసి, అక్కడికక్కడే పాసుబుక్కు చేతిలో పెడతాడు. మొత్తం పది నిమిషాలు. దళారి మామ. దళారి రాజులాగా నడిచి వస్తుంటే జనం దండం పెట్టాలో తిట్టాలో తేలక తికమకపడేవారు. తహసీల్దారును నేను. మా నాయిన పెళ్ళినాటి కోటు, నల్లకళ్ళద్దాలు, జేబులో మూడు పెన్నులు, చేతిలో ఫైలు. ఫైలు నిండా పాత కరెంటు బిల్లులు.

నాకున్న పెద్ద డైలాగు ఇది: "అమ్మా, ముందు మీరు కూర్చోండి. మీరు నిలబడి ఉంటే నేను కూర్చోలేను. మీ సమస్య నా సమస్య. ఏదీ, కాగితాలు ఇలా ఇవ్వండి."

దీన్ని మామ చెప్పించినట్టు గొంతు పెంచి, చివర్లో కొంచెం వణికించి చెబితే, ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకునేవారు. నేను కళ్ళద్దాల వెనక నవ్వుకునేవాణ్ణి. అందుకే నల్లకళ్ళద్దాలు.

ఒకరోజు నారాయణపేట దిక్కు ఒక ఊళ్ళో మధ్యాహ్నం ఆట అయింది. పంచాయతీ ఆఫీసు అరుగు మీద, అదే ఎర్ర కుర్చీలో, కోటుతోనే కూర్చుని ఉప్మా తింటున్నాను. ఒక అవ్వ వచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో మేకలు తోలే కర్ర, చంకలో ప్లాస్టిక్ కవరు. కవరులోంచి కాగితాలు తీసి నా ఉప్మా ప్లేటు పక్కన పెట్టింది.

"సారూ, జర చూడు."

చూశాను. ఉప్మా తినే చేత్తో ముట్టలేదు గానీ చూశాను. ఎకరం పది గుంటలు. రికార్డులో ఆమె పేరు లేదు. ఆ భూమి ఎదురుగా 'చెరువు శిఖం' అని ఉంది. అంటే చెరువు నీళ్ళు నిలిచే జాగా. దానికి పట్టా ఉండదు, పాసుబుక్కు ఉండదు, పెట్టుబడి సాయం రాదు.

"నీ భూమి చెరువుల ఉన్నదా అవ్వా?"

ఆమె కర్రెత్తి ఊరి వెనక్కి చూపించింది. అక్కడ ఒక గుట్ట ఉంది. ఒంటి మీద రాళ్ళు తప్ప ఇంకేమీ లేని గుట్ట.

"గా గుట్ట మీద."

"గుట్ట మీద చెరువా?"

"అవ్ బిడ్డా. రాసుండ్రు గద. నీళ్ళే ఇంకా రాలే."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. అక్కడ ఆమె పెనిమిటి రాళ్ళు ఏరి, ఏరి, గట్టు పెట్టి జొన్న వేశాడట. ఆయన పోయి ఐదేళ్ళు. ఈమె ఇప్పటికీ కందులు వేస్తోంది. కొడుకు లేడు, కూతురు పెళ్ళై అత్తారింటికి పోయింది. ఆ ఎకరం పది గుంటలు కాగితం మీద తనవి కాకపోతే, రేపు ఎవరైనా వచ్చి లేచి పో అంటే చూపించడానికి ఆమె దగ్గర ఈ ప్లాస్టిక్ కవరు తప్ప ఏమీ లేదు. ఆఫీసుకు ఎన్నిసార్లు పోయిందో ఆమెకే లెక్క తెలియదు.

"అవ్వా, నేను నిజం తహసీల్దారును కాను. గిది నాటకం," అన్నాను.

వెనక నుంచి మామ దగ్గు వినిపించింది. బాగోతంలో రాజు సభలోకి వచ్చేముందు దగ్గినట్టు.

"వేషంలున్నవ్ రా."

"మామా, గిది దీవెన కాదు, పాసుబుక్కు."

"ఏదైతేంది? లేదనకు. బువ్వ తిన్నంక మాట్లాడదువు గని, మాటియ్యి."

అవ్వ నన్ను చూస్తోంది. కోటులో చెమట కారుతోంది. మొత్తానికి తహసీల్దారు గొంతుతోనే, "సోమవారం ఆఫీసుకు రా అవ్వా. నేనూ వస్తా," అన్నాను. సోమవారం అర్జీలు తీసుకునే రోజు. పది అర్జీల్లో ఒకటై పోతుందిలే, నా పని పక్కన నిలబడడమే కదా అనుకున్నాను.

ఇంటికి పోయి నాయినకు చెప్పాను. ఆయన గొర్రెలకు నీళ్ళు పెడుతున్నాడు. తల ఎత్తకుండానే, "రేషన్ దుకాణం కాడ మిషన్ల వేలు పడకపోతే వాపస్ వస్తివి. నువ్వు ఇంకొకలకు భూమి ఇప్పిస్తవా?" అన్నాడు.

"నాయినా, నువ్వు జర ధైర్యం చెప్పొచ్చు గద."

"కోటు మాత్రం ఏసుకపోకు. గది నా పెండ్లిది. ఆఫీసుల గుంజులాటైతే చినిగిపోతది."

నాయిన ఇచ్చిన ధైర్యం అంతే.

సోమవారం నేను మామూలు చొక్కాతో పోయాను. మామ ఇస్త్రీ ధోవతి కట్టి, భుజాన తువ్వాలతో ముందే వచ్చి ఉన్నాడు. అవ్వ అప్పుడే విప్పిన మడతలతో నారాయణపేట చీర కట్టుకుని వచ్చింది. వరుసలో నిలబడ్డ మా ముగ్గురిలో పని సాధించుకునేలా కనిపించేది ఆమె ఒక్కతే.

తహసీల్దారు ఒక మేడమ్. నలభై ఏళ్ళుంటాయి. జలుబు చేసినట్టుంది, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే సంతకాలు పెడుతోంది. బల్ల మీద ఫైళ్ళు, ఫైళ్ళ మీద ఇంకొన్ని ఫైళ్ళు, వాటి మీద చల్లారిన చాయ్. మా వంతు వచ్చింది. లోపలికి పోయాం. ఆమె తల ఎత్తి నన్ను చూసి, "చెప్పండి," అంది.

నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. వందలమంది ముందు పురుగులాగా పాకిన వాణ్ణి. చీపురు దెబ్బలు తిన్నవాణ్ణి. ఆ గదిలో ఉన్నది మేడమ్, గుమాస్తా, సర్వేయరు, తలుపు దగ్గర అటెండరు, నలుగురే.

"మీరెవరు?" అంది మేడమ్.

అప్పటికి నాటకం ఎన్నిసార్లు ఆడామో. స్టేజీ మీద దళారి ప్రతిసారీ నన్ను అడిగే ప్రశ్న అదే. నోటికి అలవాటైన జవాబే వచ్చింది.

"నేను తహసీల్దారును."

గుమాస్తా పెన్ను ఆపాడు. మేడమ్ రుమాలు కిందికి దించి నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఓహో," అంది. "మరి నేను?"

"మీరు కూడా మేడమ్," అన్నాను.

అటెండరు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. అవ్వ ముందుకు వచ్చింది. "తప్పువట్టకు తల్లీ. వీడు నాటకంల సారు. పాసుబుక్కుల నాటకం ఆడుతరు గద, గందుల. మస్తు మాట్లాడుతడు. ఇయ్యాల ఏమైందో."

"వేషం కట్టలే గద," అన్నాడు మామ, వైద్యుడు రోగం చెప్పినట్టు. "వేషం లేకుంటే వీనికి గొంతు లేవదమ్మా."

మేడమ్ ఏదో అనబోయేలోపే మామ తన భుజం మీది తువ్వాల తీసి నా నెత్తిన కప్పి, కొంగులాగా ముందుకు లాగాడు. "ముసలామె పాత్ర అను. అనురా." మా బృందంలో ముసలామె వేసే అమ్మాయి రాని రోజుల్లో ఆ పాత్ర నేనే వేసేవాణ్ణి.

సిగ్గు లేదా అంటే ఉంది. కానీ తువ్వాల పడగానే నడుము దానంతట అదే వంగింది. గొంతు వచ్చింది.

"సారూ, నా మొగడు పాయె. ఇగ నా భూమి గూడ పోతాంది. నేనేడికి పోవాలె సారూ?"

ఒక్కసారిగా బయటి వరుసలో జనం కిటికీ దగ్గరికి వచ్చారు. నేను బల్ల ముందు వంగి ఎదురుచూస్తున్నాను, అవతలివాళ్ళ డైలాగు కోసం. అప్పుడు అర్థమైంది, అవతలి పాత్ర నాదేనని. తహసీల్దారు లేడు. ఉన్న తహసీల్దారుకు డైలాగు తెలియదు.

అవ్వ కర్ర గోడకు ఆనించింది. వీపు నిటారు చేసింది. గొంతు సవరించుకుంది.

"అమ్మా, ముందు మీరు కూర్చోండి. మీరు నిలబడి ఉంటే నేను కూర్చోలేను. మీ సమస్య నా సమస్య. ఏదీ, కాగితాలు ఇలా ఇవ్వండి."

ఒక్క అక్షరం పోలేదు. నేను వణికించే చోట వణికించింది కూడా. నాకంటే బాగా.

"ఎన్నిసార్లు చూసినవ్ అవ్వా?" అన్నాను, వంగిన నడుముతోనే.

"మూడూర్లల్ల చూసిన. మేకల్ని పక్కింటోళ్ళకు ఒప్పజెప్పి నడిసొచ్చిన. నువ్వు నాటకమోనివని నాకెర్కలేదా బిడ్డా? నాకు సారోళ్ళ ముంగట మాట రాదు. నీకొస్తదనుకున్న." కర్ర మళ్ళీ అందుకుని, "తీరా చూస్తే నీకే రాకపాయె," అంది.

ఇంతలో మామ, తన ప్రవేశం వచ్చిందనుకుని, మీసం దువ్వుతూ దళారిగా ఒక అడుగు ముందుకు వేశాడు. "ఇంకెంతమంది ఉన్నారు మీ నాటకంలో?" అంది మేడమ్. మామ ఆ అడుగును అలాగే వెనక్కి తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన ప్రవేశాన్ని ఎవరైనా ఆపడం అదే మొదటిసారి అనుకుంటా, సాయంత్రందాకా ముభావంగా ఉన్నాడు.

మేడమ్ నవ్వింది. నవ్వుతుంటే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక చూస్తే, ఆమె కుర్చీలో కూర్చుని ఉంది, అవ్వ నిలబడి ఉంది. మేడమ్‌కు కూడా అదే తట్టినట్టుంది. గుమాస్తాను లేపి ఆ కుర్చీ అవ్వకు వేయించింది. అవ్వ కూర్చుంది. నేను వంగే ఉన్నాను, నా గురించి ఎవరూ ఏమీ అనలేదు.

కాగితాలు తిరగేస్తూ మేడమ్ సర్వేయరును పిలిచింది. "ఇది గుట్ట అంటున్నారు. శిఖం ఎట్లయింది?"

"రికార్డుల గట్లనే ఉన్నది మేడమ్."

"మీరు చూశారా?"

"చూసిన మేడమ్."

"గుట్టను?"

"రికార్డును."

మేడమ్ చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసింది. తర్వాత, "గురువారం పోదాం. నేను కూడా వస్తా," అంది. అవ్వ లేవలేదు. అరచేయి చాపి అలాగే కూర్చుంది. నాటకంలో ఆ తర్వాత వచ్చేది పాసుబుక్కు.

"గురువారం అవ్వా," అని మేడమ్ మళ్ళీ చెప్పింది.

"నాటకంల గురువారం లేకుండె," అంది అవ్వ. కానీ లేచింది.

బయటికి వచ్చాక అడిగాను, మేడమ్ ఎట్లుంది అని. అవ్వ ఆలోచించి చెప్పింది. "మంచిదే గని, గొంతు లేదు."

గురువారం వస్తుందని నేను అనుకోలేదు. అంటే గురువారం వస్తుంది, మేడమ్ రాదు అనుకున్నాను. నేనూ మామా పోయేసరికి గుట్ట కింద జీపు ఆగి ఉంది. మేడమ్ గొడుగు వేసుకుని రాళ్ళ మధ్య ఎక్కుతోంది. వెనక టేపు పట్టుకుని సర్వేయరు, ఆ వెనక నీళ్ళ సీసా పట్టుకుని అటెండరు. అందరికంటే ముందు, మేకల వెంట మేకలాగా, అవ్వ. పైకి చేరేసరికి సర్వేయరు ఒక బండ మీద చతికిలబడ్డాడు. ఆ బండ మీద అప్పటికే ఒక మేకపోతు ఉంది. అది జరగలేదు.

గుట్ట మీద గాలి తప్ప ఏమీ లేదు. పలుగురాళ్ళ మధ్య కొంచెం చదునైన చోట కంది మోళ్ళు. చుట్టూ మోకాలెత్తు రాతి గట్టు. ఆ గట్టు ఎవరు పెట్టారో నాకు తెలుసు కాబట్టి ఒక మాట అందామనుకున్నాను. అలాంటి చోట్ల నాకు మాట రాదు, ఆ సంగతి ఆఫీసులోనే తేలింది.

మేడమ్ నడుము మీద చేయి వేసుకుని నాలుగు దిక్కులా చూసింది. అవ్వ ఆమె దగ్గరికి పోయి మెల్లగా అడిగింది.

"తల్లీ, నీకు ఈత వస్తదా?"

"ఎందుకవ్వా?"

"జర పైలం. లోతుంటది."

మేడమ్ గొడుగు పట్టుకునే నవ్వింది. సర్వేయరు నవ్వలేదు. కొలతలు మొదలుపెట్టాడు. రెండు గంటలు కొలిచాక సంగతి తేలింది. ఎప్పుడో పాత పుస్తకం నుంచి కొత్త పుస్తకానికి ఎక్కించేటప్పుడు, ఈ గుట్ట నంబరూ కింద ఉన్న కుంట నంబరూ ఒకదాని చోట ఒకటి పడ్డాయి. అందుకే గుట్ట చెరువయింది. మరి కుంట ఏమైందని అడిగాను. సర్వేయరు కాగితం చూసి, గొంతు తగ్గించి, "రాళ్ళ గుట్ట, సాగుకు పనికిరాదు," అని చదివాడు. కిందికి చూశాం. ఆ సాగుకు పనికిరాని గుట్టలో రెండు బర్రెలు మెడలదాకా మునిగి పడుకుని ఉన్నాయి.

అక్కడే బండ మీద పంచనామా రాశారు. సాక్షుల సంతకాలు కావాలన్నారు. మామ తన పేరు రాజముద్ర వేసినట్టు రాశాడు, మూడు వరుసలు పట్టింది. నా దగ్గరికి వచ్చాక గుమాస్తా లేడు కాబట్టి సర్వేయరే అడిగాడు, వృత్తి ఏం రాయాలె అని.

"తహసీల్దారు అని మాత్రం రాయకండి," అంది మేడమ్.

నటుడు అని రాయించాను. ప్రభుత్వ కాగితం మీద ఆ మాట నా పేరు పక్కన పడడం అదే మొదటిసారి. మామ తొంగి చూసి, "దొంగ సాక్ష్యం," అన్నాడు.

కాగితం పైకి పోయింది. పైన ఉన్నవాళ్ళు ఇంకా పైకి పంపారు. నాటకంలో పది నిమిషాలు పట్టిన పని, వానలు మొదలై, వానలు ఆగి, కంది పూతకొచ్చేదాకా పట్టింది. ఈలోపు ఆ నాటకం ఆడిన ప్రతిచోటా పాసుబుక్కు తీసి ఇచ్చేటప్పుడు నాకు చేయి బరువయ్యేది. ఒకరోజు మామే అడిగాడు, పది నిమిషాలల్ల అయితదని చెప్పుడు మంచిదేనా అని. చివర ఒక ముక్క కలిపాం. తహసీల్దారు తన కుర్చీలోంచి లేచి, పోదాం పదమ్మా, నీ భూమి చూపించు అని ముసలామె వెంట నడుస్తాడు. అంతే, అక్కడ ఆట అయిపోతుంది. పాసుబుక్కు ఇవ్వడం తీసేశాం. నాటకం చప్పబడిందని కొందరన్నారు. నాకైతే నటన తేలికైంది, నడవడం ఒక్కటే కదా.

అవ్వ నుంచి ఫోను వచ్చింది, పక్కింటివాళ్ళ ఫోనులోంచి. ఊరు దూరమైన కొద్దీ ఫోనులో గట్టిగా మాట్లాడాలని ఆమె నమ్మకం. "బుక్కొచ్చింది! చదవనీకి ఎవలు లేరు! రా!"

చదవడానికి ఆ ఊళ్ళో ఎవరూ లేకపోవడమేమిటి, పక్కింట్లోనే డిగ్రీ పిల్ల ఉంది. ఆ పిల్ల చదివితే సరిగ్గా ఉండదట. పోయాను. అవ్వ వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టింది. ప్లాస్టిక్ కవరులోంచి పాసుబుక్కు తీసి, చీరకు తుడిచి ఇచ్చింది.

"గొంతు పెంచి చదువు. ఇంట్లకు గూడ ఇనవడాలె."

ఇంట్లో ఎవరూ లేరు. గోడకు ఆమె పెనిమిటి ఫోటో మాత్రం ఉంది.

చదివాను. ఆమె పేరు, ఆయన పేరు, ఊరు, సర్వే నంబరు, ఎకరం పది గుంటలు. మామ నేర్పినట్టే గొంతు పెంచి మొదలుపెట్టాను. మధ్యలో ఎక్కడో అది పట్టేసింది. పాత కందికట్టెల దుమ్ము. ఆ వాకిట్లో కందికట్టెలు లేవనుకోండి, పక్క వాకిట్లోంచి వచ్చి ఉంటుంది.

"ఆగకు. ఏం భూమని రాసిన్రు?"

"మెట్ట అని రాసిండ్రు అవ్వా."

"చెరువని లేదు గద?"

"లేదు."

"నీళ్ళు లేవని రాసిన్రా?"

"నీటి వసతి లేదు అని ఉన్నది."

అవ్వ పాసుబుక్కు తీసుకుంది. ఆ మాట ఎక్కడ ఉందో చూపించమంది. చూపించాను. దాని మీద వేలు పెట్టుకుని గుట్ట వైపు చూసింది.

"మంచిగైంది," అంది. "ఇగ గాడ బోరెయ్యాలె. ఏ ఆఫీసుకు పోవాలెనో జర అడిగి చెప్పు బిడ్డా. ఈసారి తువ్వాల నేను తెస్త."